పోలీసు రిజిస్టరు నుంచి సొంత పత్రిక దాకా

పత్రికల చరిత్ర రాసేవాళ్ళు చాలామంది స్థాపించిన సంవత్సరం, సంపాదకుల పేర్లు, ఆగిపోయిన తేదీ ఇచ్చి తమ పని అయిందనుకుంటారు. ఆ వివరాలు కావలసినవే. కాని వాటికంటే ముందు అడగవలసిన ప్రశ్న ఒకటి వుంది. ఆ పత్రికలో ఎవరు ఎవరిని గురించి రాస్తున్నారు? ఎవరు చదువుతారనుకుని రాస్తున్నారు? ఈ ప్రశ్న వెయ్యకపోతే అది కాగితాల చరిత్రగా మిగిలిపోతుందే తప్ప మనుషుల చరిత్ర కాదు.

స్వలింగ ప్రేమికులు, హిజ్రాలు, ట్రాన్స్‌జెండర్లు తమకోసం తాము పెట్టుకున్న పత్రికల చరిత్రను ఈ వ్యాసంలో పరిశీలించదలచుకున్నాను. వీరందరినీ కలిపి ఇప్పుడు ఎల్.జి.బి.టి. సముదాయం అంటున్నారు. రైతుల సమస్యలు, కూలీల సమస్యలు ఇన్ని వుండగా ఇదెందుకని మిత్రులు కొందరు అడగవచ్చు. ఈ వాదన కొత్తది కాదు. స్త్రీల ప్రశ్న వచ్చినప్పుడూ, దళితుల ప్రశ్న వచ్చినప్పుడూ ఇదే మాట విన్నాం. అణగివున్నవాళ్ళు నోరు తెరిచే క్రమాన్ని అర్థం చేసుకోవటం అభ్యుదయ విమర్శ బాధ్యత అనుకుంటే, ఆ బాధ్యతలో మినహాయింపులు వుండవు.

1

ముందు మన ఇంటి అనుభవం నుంచే మొదలుపెడదాం. మా కృష్ణాజిల్లా వాళ్ళకు పత్రిక అనగానే గుర్తొచ్చేది కృష్ణాపత్రిక. కొండా వెంకటప్పయ్య, దాసు నారాయణరావు గార్ల పూనికతో 1902లో బందరులో మొదలైంది. 1907 నుంచి 1945లో కన్నుమూసేదాకా ముట్నూరి కృష్ణారావు గారు దాన్ని నడిపారు. రాజధాని నగరంలో పుట్టకపోయినా, బందరులాంటి వూరునుంచి ఒక పత్రిక ఒక ప్రజ మొత్తాన్ని తన చదువరులుగా మలుచుకోగలదని అది రుజువు చేసింది.

అదే 1902లో ఏలూరు నుంచి హిందూసుందరి వచ్చింది. సత్తిరాజు సీతారామయ్య గారు స్థాపించినా, మోసలికంటి రమాబాయమ్మ, వెంపలి శాంతాబాయి గార్లు దానికి సంపాదకులయ్యారు. భండారు అచ్చమాంబ గారి ‘ధనత్రయోదశి’ కథ అందులోనే అచ్చయింది. అంతకు ముందు స్త్రీలకోసం పత్రిక లేదా అంటే వుంది. వీరేశలింగం గారు 1883లో సతీహితబోధిని నడిపారు. కాని అందులో స్త్రీ హితబోధ వినే మనిషి. హిందూసుందరిలో ఆమె మాట్లాడే మనిషి. ఈ రెంటికీ నడుమ ఇరవయ్యేళ్ళ దూరం వుంది.

ఇటువంటి దూరాన్నే దళితులూ దాటారు. హైదరాబాదు సంస్థానంలో భాగ్యరెడ్డి వర్మ 1931లో భాగ్యనగర్ పత్రిక పెట్టారు. 1989లో హైదరాబాదు నుంచి నలుపు పత్రిక మొదలైంది. ఈ పత్రికలన్నిటినీ వరసగా పెట్టి చూస్తే మూడు దశలు కనిపిస్తాయి. మొదటి దశలో అణగివున్న సమూహం ఇతరులకు చర్చావిషయం. రెండో దశలో బోధ వినవలసిన శిష్యగణం. మూడో దశలో తన వార్త తాను రాసుకునే విలేఖరి. నేను చెప్పబోయే పత్రికల చరిత్ర కూడా ఈ మూడు దశల చరిత్రే. ఒక్కటే తేడా, ఇక్కడ మొదటి దశ పత్రికలో కాక పోలీసు ఠాణాలో మొదలైంది.

2

బ్రిటిషు ప్రభుత్వం నాలుగేళ్ళ తేడాలో రెండు రిజిస్టర్ల చట్టాలు చేసింది. 1867 చట్టం అచ్చుయంత్రాలకూ, వార్తాపత్రికలకూ, పుస్తకాలకూ సంబంధించినది. పత్రిక అచ్చువేసేవాడూ, ప్రచురించేవాడూ తమ పేరూ చిరునామా ప్రభుత్వానికి రాసి ఇవ్వాలి. 2023లో కొత్త చట్టం చేసేదాకా మన పత్రికలన్నీ ఆ చట్టం కిందే నడిచాయి. 1871లో వచ్చింది నేరస్థ జాతుల చట్టం. దాని రెండో భాగంలో హిజ్రాల పేర్లకూ, నివాసాలకూ రిజిస్టరు పెట్టమన్నారు. పిల్లల్ని ఎత్తుకుపోతారన్న అనుమానం చాలు, పేరు ఎక్కించటానికి. రిజిస్టరులో పేరున్న మనిషి ఆడవేషంలో వీధిలో కనిపిస్తే వారంటు లేకుండా పట్టుకోవచ్చు. రెండేళ్ళు జైల్లో వెయ్యవచ్చు. ఆ మనిషి దత్తత చేసుకోటానికి వీల్లేదు, వీలునామా రాయటానికి వీల్లేదు. అంటే ప్రభుత్వం తన కాగితం మీద వాళ్ళ పేరు రాసుకుంటుంది గాని, వాళ్ళు తమ కాగితం మీద తమ చివరి కోరిక రాసుకోకూడదు.

ఇటువంటి చట్టమే నిజాం రాజ్యంలోనూ వచ్చింది. 1329 ఫసలీ, అంటే 1919లో చేసిన ఆ చట్టం హైదరాబాదు సంస్థానం పోయినా పోలేదు. ఆంధ్రప్రదేశ్‌లో ‘తెలంగాణా ప్రాంతం’ అన్న మాట తగిలించుకుని బతికింది. 2014లో కొత్త రాష్ట్రానికి వారసత్వంగా సంక్రమించింది. దాన్ని రద్దు చెయ్యమని వైజయంతి వసంత మొగ్లి వేసిన వ్యాజ్యం మీద తెలంగాణా హైకోర్టు 2023 జులై 6న ఆ చట్టాన్ని కొట్టివేసింది. ఒక తెలుగు రాజధానిలో ఒక సమూహాన్ని అనుమానితుల జాబితాలో పెట్టే చట్టం పుస్తకాల్లోనుంచి పోవటానికి నూట నాలుగేళ్ళు పట్టింది. ఇక 1860 నాటి శిక్షాస్మృతిలోని 377వ సెక్షన్ వయోజనుల పరస్పర అంగీకారానికి వర్తించదని సుప్రీంకోర్టు చెప్పింది 2018 సెప్టెంబరు 6న.

ఈ చట్టాల సంగతి ఇంత వివరంగా ఎందుకు చెప్పానంటే, ఈ సముదాయానికి పత్రిక పెట్టటం మొదటినుంచీ చిరునామాతో ముడిపడిన సాహసం. పత్రికకు చిరునామా లేకుండా కుదరదు. చిరునామా బయటపడితే బతుకు కుదరదు. ఈ వైరుధ్యాన్ని ఎవరు ఎక్కడ ఎలా పరిష్కరించుకున్నారన్నదే ఈ పత్రికల చరిత్రకు మూలసూత్రం.

3

అమెరికాలో లాస్‌ఏంజెలిస్ నగరంలో 1947లో ఒక యువతి, ఆఫీసులో సెక్రటరీగా పనిచేసే మనిషి, వైస్ వెర్సా అనే చిన్న పత్రిక మొదలుపెట్టింది. తరువాతి కాలంలో లీసా బెన్ అన్న కలంపేరుతో ప్రసిద్ధురాలైంది. పని తక్కువగా వున్నప్పుడు ఆఫీసు టైపు మిషన్ మీద కార్బన్ కాగితాలు పెట్టి ప్రతులు తీసేది. పత్రిక మీద సంపాదకురాలి పేరు లేదు, చిరునామా లేదు. తెలిసినవాళ్ళకు చేతికిచ్చేది, వాళ్ళు చదివి ఇంకొకరి చేతిలో పెట్టేవాళ్ళు. 1948 ఫిబ్రవరి దాకా తొమ్మిది సంచికలు వచ్చాయి.

1953లో అదే నగరం నుంచి వన్ అనే పత్రిక బహిరంగంగా తపాలాలో బయలుదేరింది. 1954 అక్టోబరు సంచికను నగర పోస్టుమాస్టరు అశ్లీలమని ఆపేశాడు. కింది కోర్టులు రెండూ పోస్టుమాస్టరునే సమర్థించాయి. 1958 జనవరి 13న అమెరికా సుప్రీంకోర్టు ఆ తీర్పులను తోసిపుచ్చింది. ఆ రోజున గెలిచింది ఒక పత్రిక మాత్రమే కాదు. ఒక మనిషి పేరుమీద ఆ పత్రిక తపాలాలో రావచ్చునన్న సూత్రం గెలిచింది.

ఇవి దేశమంతటికీ ఉద్దేశించిన పత్రికలు. ఒక నగరానికి, అక్కడి జనానికి వార్తాపత్రికగా పనిచేసిన దానికి మంచి ఉదాహరణ వాషింగ్టన్ బ్లేడ్. 1969 అక్టోబరులో గే బ్లేడ్ అన్న పేరుతో ఒక్క కాగితంగా, సైక్లోస్టైల్ ప్రతిగా పుట్టింది. 1953 నాటి అధ్యక్షుడి ఉత్తర్వువల్ల ఫెడరల్ ఉద్యోగులలో స్వలింగ ప్రేమికులని తేలినవాళ్ళ కొలువులు పోతున్న నగరం అది. రహస్యం బయటపెడతామని డబ్బు గుంజేవాళ్ళ గురించి హెచ్చరికలు, గది పంచుకునేవాళ్ళ కోసం ప్రకటనలు, ఇలా దినదిన జీవితానికి పనికొచ్చే కబుర్లతో ఆ పత్రిక నడిచింది. సిద్ధాంతం తరువాత వచ్చింది. ముందు వచ్చింది పొరుగువాడి జాగ్రత్త.

స్థానిక పత్రిక గొప్పతనం ఇక్కడే వుంది. పుట్టుకలు, చావులు, పెళ్ళిళ్ళు, అద్దె ఇళ్ళు, ఇవే ఒక వూరిని వూరుగా కట్టివుంచే వార్తలు. శాన్‌ఫ్రాన్సిస్కోలో 1971లో మొదలైన బే ఏరియా రిపోర్టర్ పత్రికలో ఎయిడ్స్ కాలమంతా మరణవార్తల పేజీలు నిండిపోయాయి. కన్నవాళ్ళే ఒప్పుకోని మనుషుల చావును ఆ పత్రిక ఫొటో వేసి, పేరు రాసి, వారికి గౌరవం ఇచ్చింది. 1998 ఆగస్టు 13 సంచికలో పెద్ద అక్షరాలతో ఒక శీర్షిక పెట్టారు. ఈ వారం మరణవార్తలు లేవని దాని అర్థం. ఏ వార్తా లేకపోవటమే వార్త అయిన శీర్షిక అది. ఏళ్ళ తరబడి ఆ పేజీని కన్నీళ్ళతో చదివినవాళ్ళకే దాని బరువు తెలుస్తుంది.

అయితే ఈ చరిత్రలో ఆర్థిక పునాదిని మరిచిపోకూడదు. బ్లేడ్ పత్రిక కాలక్రమాన ఒక పెద్ద కంపెనీ చేతిలో పడింది. 2009 నవంబరులో ఆ కంపెనీ దివాలా తీస్తే, నలభై ఏళ్ళ పత్రిక ఒక్క పూటలో మూతబడింది. చదువరులు తగ్గి కాదు, యజమాని అప్పులవల్ల. పనిచేసేవాళ్ళు ఆ వారంలోనే వేరే పేరుతో పత్రిక తెచ్చారు. 2010లో పాత పేరును తిరిగి సంపాదించుకున్నారు. సముదాయానికి పత్రిక వుంటే చాలదు, ఆ పత్రిక సముదాయానిదై వుండాలని ఈ సంఘటన నేర్పుతుంది. సహకార పద్ధతులూ, చందాదార్ల పత్రికలూ ఎరిగిన మనకు ఇది విడమరిచి చెప్పనక్కరలేదు.

4

మన దేశపు కథ ఒక వింత దారిలో నడిచింది. దక్షిణాసియా స్వలింగ ప్రేమికుల పత్రిక ఒకటి దేశం బయట పుట్టింది. 1986లో కాలిఫోర్నియాలో అరవింద్ కుమార్, సువీర్ దాస్ అనే ఇద్దరు ట్రైకోన్ అనే పత్రిక మొదలుపెట్టారు. పరదేశంలో వున్నవాళ్ళకు రెండు దూరాలు వుంటాయి. వూరినుంచి ఒక దూరం, వూరివాళ్ళ మధ్య తమ మనసు చెప్పలేని దూరం ఇంకొకటి. ఆ రెండో దూరం స్వదేశంలో వున్నవాళ్ళకూ వుంది కనుక ఆ పత్రికకు ఇక్కడినుంచి ఉత్తరాలు వెళ్ళాయి.

1990లో పాత్రికేయుడు అశోక్ రావు కవి బొంబాయిలో బాంబే దోస్త్ పెట్టారు. ఆ పేరులోనే రెండు సంగతులున్నాయి. ఒకటి వూరి పేరు, రెండు స్నేహం. ఇంగ్లీషుతోబాటు హిందీ కూడా అందులో చోటుచేసుకుంది. 377వ సెక్షన్ నెత్తిమీద వేలాడుతున్న కాలం అది. ఆ పత్రిక చుట్టూ చేరిన స్నేహాలలో నుంచే 1994లో హమ్‌సఫర్ ట్రస్టు ఏర్పడింది. ముందు సంఘం ఏర్పడి తరువాత పత్రిక పెట్టటం మనకు తెలిసిన పద్ధతి. ఇక్కడ పత్రికే సంఘాన్ని తయారుచేసింది. 2002లో ఆగిపోయిన బాంబే దోస్త్ 2009లో మళ్ళీ వచ్చింది. అదే ఏడు జులై 2న ఢిల్లీ హైకోర్టు 377వ సెక్షన్ మీద తన తీర్పు చెప్పింది. 2013 డిసెంబరులో సుప్రీంకోర్టు దాన్ని తలకిందులు చేసి, 2018లో తనను తాను సరిదిద్దుకుంది. ఈ ఎత్తుపల్లాలను బట్టి చూస్తే, ఇటువంటి పత్రిక ఒక సంచిక తేవటమే గెలుపు.

కలకత్తాలో ప్రవర్తక్ అనే పత్రిక 1991 నుంచి వచ్చింది. తరువాత కౌన్సెల్ క్లబ్ అన్న బృందం దాన్ని నడిపింది. ఇంగ్లీషూ బెంగాలీ రెండూ అందులో వున్నాయి. చిరునామా సమస్యకు ఆ కాలపు బృందాలు కనిపెట్టిన పరిష్కారం పోస్టు బాక్సు నంబరు. ఇల్లు కనబడదు, ఉత్తరం చేరుతుంది. పోలీసు రిజిస్టరులో నంబరుగా మారిన మనిషి, ఒక నంబరు వెనక దాక్కుని మనిషిగా ఉత్తరం రాసుకోగలిగాడు. ఇంతకన్న చారిత్రక వ్యంగ్యం ఏముంటుంది?

మరొక ఉదాహరణ బెంగాలు నుంచే. మానవి బందోపాధ్యాయ్ 1995లో ‘అబమానబ్’ అనే బెంగాలీ పత్రిక తెచ్చారు. మనిషికంటే తక్కువగా చూడబడినవారని ఆ పేరుకు అర్థం. సముదాయాన్ని లోకం పిలిచే పిలుపునే శీర్షికగా పెట్టి లోకం ముందు నిలబెట్టారు. ఆమె కాలేజీలో బెంగాలీ పాఠం చెప్పే అధ్యాపకురాలు. 2015లో కృష్ణనగర్ మహిళా కళాశాలకు ప్రిన్సిపాల్ అయ్యారు. భాషా సాహిత్యాలు బోధించే మనిషి ఈ పనికి పూనుకోవటం యాదృచ్ఛికం కాదనుకుంటాను. మాట ఎక్కడ గాయపరుస్తుందో, ఎక్కడ మానుపుతుందో తెలిసినవాళ్ళం మనమే కదా.

5

ఇక తెలుగు సంగతి. ఇక్కడ మన ముందు నిలిచేది మాటల సమస్య.

కోర్టు తీర్పులు వచ్చినప్పుడు మన దినపత్రికలు వాడుతూ వచ్చిన మాట ‘స్వలింగ సంపర్కులు’. ఇది మనిషిని ఒక శారీరక చర్యతో గుర్తించే మాట. పెళ్ళయిన ఆడా మగా జంటను ఎవరైనా ‘భిన్నలింగ సంపర్కులు’ అంటారా? అనరు. వాళ్ళు ఆలుమగలు, దంపతులు. ఒకరికి బంధం పేరు, మరొకరికి నేరం పేరు. పోలీసు రిజిస్టరు భాష అచ్చు భాషలోకి దిగిన తీరు ఇది. పైన చెప్పిన మొదటి దశ ఇదే.

పోనీ సాహిత్యం మెరుగా? మన డెల్టా పల్లెల్లో వానలు పడకపోతే విరాటపర్వం చదివించే ఆనవాయితీ వుంది. అందులో బృహన్నల ఉత్తరకు నాట్యం నేర్పుతాడు, ఉత్తరుడి రథం తోలుతాడు. జనం భక్తితో వింటారు. ఎందుకంటే అది అజ్ఞాతవాసం. ఏడాది గడిస్తే వేషం తీసి అర్జునుడవుతాడని వినేవాళ్ళకు ముందే తెలుసు. వేషం కాని, ఏడాది తరువాత తీసెయ్యటానికి వీలులేని బతుకున్న మనిషి గుడివాడ బస్టాండులో ఎదురైతే అదే జనం ముఖం తిప్పుకుంటారు. కావ్యం మనకు తాత్కాలికమైన బృహన్నలను ఇచ్చింది. శాశ్వతంగా అలా జీవించే మనిషిని మన భాష గౌరవంగా పిలవటం నేర్పలేదు.

అభ్యుదయ రచయితలం మనం కూడా ఇందుకు అతీతులం కాము. పిరికివాణ్ణీ, పాలకులకు లొంగినవాణ్ణీ తిట్టటానికి ‘నపుంసకత్వం’, ‘కొజ్జా’ అన్న మాటలు వేదికలమీదా, కవిత్వంలోనూ ధారాళంగా వాడాం. కృత్తివెన్ను ప్రాంతపు బడిలో పాఠం చెప్పుకునే నాకు ఆ మాట ఎక్కడికి చేరుతుందో రోజూ తెలుస్తుంది. నడక మెత్తగా వున్న కుర్రవాణ్ణి వెనక బెంచీ పిల్లలు పిలిచే మాట అదే. మనం దోపిడీదారు మీద విసిరామనుకున్న రాయి తగిలింది ఆ పిల్లవాడికి.

రెండో దశకు గుర్తు ఎయిడ్స్ నియంత్రణ కాలపు కరపత్రాలు. వాటివల్ల ప్రాణాలు దక్కాయి, కాదనను. కాని వాటిలో ఈ సముదాయం జాగ్రత్తలు వినవలసిన రోగి, సతీహితబోధిని నాటి శిష్యురాలి లాగా.

మూడో దశ వైపు రెండు అడుగులు పడ్డాయి. ఒకటి పుస్తకం. తమిళనాడుకు చెందిన ఎ. రేవతి ఆత్మకథను పి. సత్యవతి గారు ‘ఒక హిజ్రా ఆత్మకథ’గా తెలుగు చేశారు. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ 2014లో ప్రచురించింది. దానికి సత్యవతి గారికి 2019 సంవత్సరపు సాహిత్య అకాడమీ అనువాద పురస్కారం వచ్చింది. బెజవాడలో ఇంగ్లీషు అధ్యాపకురాలిగా పనిచేసిన రచయిత్రి చేతిలో అది సహజమైన తెలుగయింది. అయినా ఒక సంగతి గమనించండి. పక్కరాష్ట్రంలో తమిళం మాట్లాడే మనిషి జీవితం ఇంగ్లీషు మీదుగా చుట్టుతిరిగి మన దగ్గరికి వచ్చింది. బాంబే దోస్త్, ట్రైకోన్ పత్రికలకు వున్న పరిమితి కూడా ఇదే. ఇంగ్లీషు చదువుకున్న మధ్యతరగతి యువకుడికి అవి ప్రాణవాయువు. ఇంగ్లీషు రాని హిజ్రాకు, దివిసీమ రేవుల్లో రొయ్యలు వలిచే ఆడమనిషికి అవి అందని పత్రికలు. భాష ప్రశ్న చివరికి వర్గం ప్రశ్నే.

రెండో అడుగు అచ్చులో కాక తెరమీద పడింది. 2017లో హైదరాబాదులో రచన ముద్రబోయిన తదితరులు ట్రాన్స్‌విజన్ అనే యూట్యూబ్ వాహిని మొదలుపెట్టారు. తెలుగు, ఉర్దూ, కన్నడం భాషల్లో, ట్రాన్స్‌జెండర్లే వార్తలు చదివేవాళ్ళలాగా కూర్చుని తమ సంగతులు చెప్పారు. చదవటం రానివాళ్ళకు కూడా అందుతుంది కనుక డెల్టా పల్లెలకు అది పత్రికకంటే దగ్గర. తమ మీద ప్రచారంలో వున్న అపోహలకు తమ నోటితో తామే జవాబు చెప్పటం సంపాదకీయం రాయటంతో సమానమే. పత్రిక అనే రూపం మారింది, పత్రిక చేసే పని మారలేదు.

6

ఈ చరిత్రనుంచి రచయితలుగా మనం తీసుకోవలసినవి మూడు సంగతులు.

మొదటిది, మాట. స్వలింగ ప్రేమ, స్వలింగ ప్రేమికులు అనటానికి అదనంగా ఖర్చయ్యేదేమీ లేదు. హిజ్రాలు తమను తాము ఎలా పిలుచుకుంటే అలాగే పిలవాలి. తిట్టుగా వాడే మాటలను మన పత్రికల సంపాదకులు ప్రూఫు దశలోనే కొట్టివెయ్యాలి.

రెండోది, చోటు. సానుభూతి వ్యాసాలతో ఒక ప్రత్యేక సంచిక వేసి చేతులు దులుపుకుంటే రెండో దశలోనే ఆగిపోతాం. పైన చెప్పిన పత్రికలన్నిటినీ నిలబెట్టింది పెద్ద వ్యాసాలు కాదు, పాఠకుల ఉత్తరాలు. మన పత్రికల్లో ఉత్తరాల పేజీ వుంది. పేరు దాచుకుని రాసే హక్కుతో ఆ పేజీని వాళ్ళకు తెరవాలి. భాషాదోషాలు దిద్దవచ్చుగాని, అనుభవాన్ని దిద్దకూడదు.

మూడోది, భద్రపరచటం. వైస్ వెర్సా ప్రతులు గుప్పెడు, అయినా దాచుకున్నవాళ్ళుండబట్టే ఈనాడు చరిత్రయింది. మన సాహిత్య విద్యార్థులు హిందూసుందరి పాత సంచికలు వెతికి పరిశోధన పత్రాలు రాస్తున్నారు. అదే శ్రద్ధతో ఈ కాలపు కరపత్రాలూ, ఊరేగింపుల్లో పట్టుకున్న అట్టలమీది తెలుగు నినాదాలూ, ట్రాన్స్‌విజన్ ప్రసంగాలూ సేకరించాలి. హైదరాబాదులో 2013లో జరిగిన ప్రైడ్ ఊరేగింపునాటి కాగితం ఒకటి దొరికినా అది తెలుగు గద్య చరిత్రకు చెందిన పత్రమే.

1867 చట్టం కింద తన పేరు రాసుకున్న ప్రతి తెలుగు సంపాదకుడూ సమాజానికి ఒక చిరునామా ఇచ్చాడు. కృష్ణాపత్రిక బందరుకు ఇచ్చింది అదే. కృత్తివెన్నులో వెనక బెంచీవాళ్ళ పిలుపు వినలేక తలవంచుకునే పిల్లవాడు రేపు ఉత్తరం రాయదలిస్తే, దానిమీద రాసుకోటానికి అతనికొక తెలుగు చిరునామా వుండాలి. అది ముందుగా మన పత్రికల చిరునామా కావటంలో మనకు గౌరవమే వుంది.